రెడ్డెమ్మక్క కూర్చున్న బల్ల

నిన్న మధ్యాహ్నం మదనపల్లెలో బస్సు దిగి నడుస్తుంటే ఒక మెస్సులోంచి పితికిపప్పు వాసన వచ్చింది. నానబెట్టిన అనపగింజలను ఒక్కొక్కటిగా పితికి, తోలు తీసి, మసాలా నూరి వేసి ఉడికించే కూర అది. చలికాలంలో కొద్ది వారాలే దొరుకుతుంది. ఆ వాసనకు నా కాళ్లు ఆగాయి. అయినా వెంటనే లోపలికి పోలేదు. పక్క సందులోకి వెళ్లి, తిని పారేసిన ఆకులు వేసే గంప ఎక్కడుందో వెతికాను. యాభై దాటిన మనిషి, నాలుగు వ్యాస సంపుటాలు అచ్చు వేయించుకున్న మనిషి, ఎంగిలాకుల గంపలోకి తొంగిచూడటం దారిన పోయేవాళ్లకు వింతగానే ఉండి ఉంటుంది. ఏ ఆకులోనూ పితికిపప్పు మిగల్లేదు. అప్పుడు లోపలికి వెళ్లి కూర్చున్నాను. ఈ విద్య నాకు నేర్పింది రెడ్డెమ్మక్క.

ఆమె బైరెడ్డిపల్లె దగ్గరి ఒక పల్లెలో గొర్రెలు మేపుకునే ఇంట పుట్టింది. ఆడవాళ్ల పాల సంఘాలు నడిపే ఒక సంస్థలో సూపర్‌వైజరుగా ఉండేది. పొట్టి మనిషి, నూలు చీర, మగవాళ్లు వేసుకునే తోలు చెప్పులు, బస్సు చివరి సీటు దాకా వినిపించే గొంతు. ఇరవై మూడేళ్ల వయసులో నేను ఆమె కింద ఉద్యోగంలో చేరాను. మాది సదుం దగ్గర, భూములున్న కుటుంబం. మదనపల్లెలో చదువుకునేటప్పుడు ఆదివారాల్లో జరిగే చర్చా సభలకు అలవాటు పడ్డాను. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, తర్వాత గంట మోగుతుంది. దేవుడు లేడనీ, కులం మనిషి కట్టిన గోడ అనీ, ఆడదాని బానిసత్వానికి శాస్త్రాలు పూసిన రంగు పవిత్రత అనీ ఆ ఐదు నిమిషాల్లో నిరూపించేదాన్ని. వాదించి గెలవలేనిది లోకంలో ఏదీ లేదని ఆ రోజుల్లో నా గట్టి నమ్మకం.

మొదటి పర్యటన పుంగనూరుకు. తెల్లవారినప్పటి నుంచి పాల కేంద్రాలు తిరిగి, రిజిస్టర్లు సరిచూసి, ఒంటిగంటకు టౌనుకు చేరాం. బస్టాండులో నేను సంచిలోంచి ఒక బన్ను, రెండు అరటిపండ్లు బయటికి తీశాను.

"ఏందది?" అంది.

"భోజనం, మేడమ్."

"జొరమొచ్చినోళ్లు తినేది అది. లోపల పెట్టు. ఇంగ మేడమ్ గీడమ్ అనొద్దు, అక్కా అను. పద."

ఆమె నడిచింది, నేను వెనకాల పోయాను. మెస్సు నిండా మగవాళ్లు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మేనేజరు తల ఎత్తకుండానే అన్నాడు: "లోపల ఫ్యామిలీ రూము ఉండాదమ్మా."

ఆ రూము నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పచ్చటి మాసిన తెర, తెర వెనక సగం చీకటి, ఫ్యాను లేదు, ఒక మూల విరిగిన కుర్చీలు. ఆడవాళ్లను గౌరవించే పద్ధతి అది! గౌరవం పేరుతో మనకు దక్కేది ఎప్పుడూ గాలి రాని గదే.

"మా ఫ్యామిలీ ఇంట్లో ఉండాదప్పా," అంది రెడ్డెమ్మక్క. "ఆకలయ్యేది నాకు. ఆ ఫ్యాను కింద బల్ల ఖాళీగానే ఉండాది కదా, ఆడ కూర్సుంటాం."

"అంతా మొగోళ్లు ఉండారు కదమ్మా."

"ఉండనీ లేప్పా. మేము వాళ్లను తినేకి రాలేదు, సంగటి తినేకి వచ్చినాం."

ఎవరో ఇద్దరు పకపకా నవ్వారు. మేనేజరుకూ నవ్వు ఆగలేదు. ఫ్యాను కింది బల్ల మీద ఆకులు పడ్డాయి. ఆమె రాగిసంగటి ముద్దలో గుంట చేసి, పప్పు పోయించుకుని, ఊరిబిండి పచ్చడి రెండోసారి అడిగి వేయించుకుని, తీరిగ్గా తింది. నేను తల ఎత్తలేదు. ఏం తిన్నానో కూడా తెలియకుండా మింగాను. బయటికి వచ్చాక ఆమె అడిగింది.

"నువ్వేందో స్టేజీలెక్కి దేవుడు లేడంటావంట కదా?"

"అవునక్కా."

"మంచిదే. లేని దేవుని ముందర అంత నోరుండాది నీకు. ఉండే మేనేజరు ముందర యాల లేదు?"

చర్చా సభల్లో ఎంతటివాళ్ల ప్రశ్నకైనా గంట మోగేలోపు జవాబు చెప్పినదాన్ని. పుంగనూరు బజారులో మాత్రం సంచిలోని బన్ను తడుముకుంటూ ఆమె వెనకాల నడిచాను.

ఆ తర్వాత మూడు నెలలు ఆమె వెంట తిరిగాను. మంచి తిండి ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవడంలో ఆమెది ఒక శాస్త్రం. ఆటో వాళ్లను అడిగేది కాదు. వాళ్లు తమకు ఊరికే టీ పోసేవాడి దగ్గరికే తీసుకుపోతారనేది. బోర్డు చూసేది కాదు. మదనపల్లెలో ఒకసారి, పక్కపక్కనే రెండు హోటళ్లు. ఒకదానికి రంగుల లైట్లు, ఇంకోదానికి పేరు కూడా సగం చెరిగిపోయింది. ఆమె నన్ను పట్టుకుని ఆ రెండింటి వెనక సందులోకి తీసుకుపోయింది. ఎంగిలాకుల గంపలు చూపించి, పేరు చెరిగిన హోటలు గంప దగ్గర ఆగింది.

"బోర్డు రాసినోడికి హోటలోడు దుడ్లిచ్చినాడు. ఈ ఆకులకు ఎవురూ ఇయ్యలేదు. సూడు, ఈళ్ల పప్పు ఒక్కరన్నా వదిలినారా? వంకాయ మాత్రం అంతా వదిలేసినారు. పప్పు పోయించుకో, వంకాయ వొద్దను. అంతే కథ."

తర్వాత అంట్లు తోముతున్న ఆమెను పలకరించింది. "ఏమ్మే, నువ్వు ఈడే తింటావా, ఇంటికాడ నుంచి తెచ్చుకుంటావా?"

"ఈడే తింటానక్కా."

"అయితే మేమూ తింటాం."

ఈ గంపల సంగతి ఇంట్లో చెబితే మా అమ్మ ఛీ ఛీ అని రెండు చెవులూ మూసుకుంది. నాకు మాత్రం ఆ సందులో నిలబడినప్పుడు ఒళ్లు పులకరించింది. చెప్పే మాట నమ్మవద్దు, రుజువు చూడు అని మేము సభల్లో గొంతు చించుకునేది దీని గురించే కదా. ఏ గ్రంథమూ చదవని మనిషి దాన్ని రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆచరిస్తోంది. పన్నెండున్నర ఎందుకంటే, సంగటి అప్పుడే దిగుతుంది, గంట దాటితే గట్టిపడుతుంది.

మూడు నెలలయ్యాక కుప్పం వైపు సంఘాలను నాకు ఒక్కదానికే అప్పజెప్పారు. వారానికి నాలుగు రోజులు అక్కడే తిరగాలి. నేను బయలుదేరే ముందు రోజు ఆదివారం. చర్చా సభలో ఆడవాళ్ల స్వేచ్ఛ మీద మాట్లాడాను. గంట మోగినా ఆపకుండా ఇంకా ఇంకా అని చప్పట్లు కొట్టారు.

సోమవారం కుప్పంలో అన్నీ పద్ధతిగానే చేశాను. గంప చూశాను, అంట్లు తోమే ఆమెను అడిగాను. మెస్సు మంచిదే. తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే బల్ల మీద వినిపిస్తున్నాయి. రాగిముద్ద, ఆకుకూర ఉడికించిన నీళ్లతో కాచిన బస్సారు, వాసన గుమ్మం దాకా వస్తోంది. లోపల అడుగు పెట్టాను. గల్లాపెట్టె దగ్గరి పెద్దాయన నన్ను చూశాడు.

"పార్సలా అమ్మా?"

అంతే. ఎవరూ నన్ను అడ్డుకోలేదు. ఎవరూ ఎగతాళి చేయలేదు. ఆయన గొంతులో దయ కూడా ఉంది. కానీ ఆ ప్రశ్నలోనే జవాబు ఉంది. "ఆ... పార్సలే," అన్నాను.

పొట్లం పట్టుకుని రైల్వే స్టేషను చివరికి పోయి, గోడ వైపు తిరిగి నిలబడి తిన్నాను. ముద్ద చల్లబడి బిగుసుకుపోయింది. పళ్లతో ముడి విప్పబోతే బస్సారు కవరు చిట్లి సంఘం రిజిస్టరు మీద పడింది. ఆ తర్వాత మూడు వారాలూ అంతే. కొన్ని రోజులు పార్సలు అడగడానికి కూడా మనసొప్పక పస్తులున్నాను. ఒక సాయంత్రం తిరుగు బస్సులో కళ్లు తిరిగాయి. ఆ మరునాడు ఉద్యోగం మానేస్తున్నట్టు కాగితం రాసి, రిజిస్టరుతో పాటు రెడ్డెమ్మక్క ముందు పెట్టాను.

ఆమె ముందు రిజిస్టరు తెరిచింది. మరక మీద వేలు పెట్టింది.

"యాడ తింటాండావు కుప్పంలో?"

"హోటల్లోనే అక్కా."

"హోటల్లో తింటే బస్సారు ఆకు మీద పడతాది. రిజిస్టరు మీద యాల పడింది?"

ఆమె నా కాగితం చదివింది. "ఆరోగ్యం బాగలేక అని రాసినావు. ఇది అబద్దం. హోటల్లో కూర్సోడానికి బయమై అని రాయి. ఇప్పుడే సంతకం పెట్టి పంపిస్తా."

"నీకు తెలీదక్కా, ఒక్కదాన్నే పోతే అందరూ ఎట్లా చూస్తారో," అన్నాను.

ఆమె కోప్పడలేదు. కుర్చీ నా వైపు జరుపుకుంది.

"మాయమ్మ గొర్రెలు తోలుకోని పుంగనూరు సంతకు వచ్చేది. బేరమంతా ఆమెదే. ఎంత గట్టోడికైనా ఆమె దగ్గర నోరు లెయ్యదు. అమ్మడమైపోతానే మా నాయన, మా అన్న హోటల్లోకి పోతారు, ఆమె వాకిలి కాడ నిలబడతాది. వాళ్లు తినేసి, ఆమెకు రెండు దోశలు కట్టించుకోని వస్తారు. ఊరు చేరి పొట్లం విప్పేసరికి పొద్దు గూకతాది. దోశంటే తోలు మాదిరి సాగేదనే అనుకునింది మాయమ్మ, దగ్గర దగ్గర అరవై ఏండ్లు. నాకు ఉద్యోగమొచ్చినాక మదనపల్లెకు పిల్సుకొచ్చి, కూర్సోబెట్టి, దోశ తెప్పించినా. తుంచింది. కరక్‌మని ఇరిగింది. దడుసుకోని మేనేజరు తట్టు సూసింది, ఏమన్నా ఇరగ్గొట్నానేమో అని."

చెబుతూ ఆమె నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

"ఎట్లుండాదిమ్మా అంటే, 'ఇది ఇట్లుంటాదని ఇన్నేండ్లూ నాకొకరన్నా సెప్పలేదే' అనింది." కాగితం నా చేతిలో పెట్టింది. "కారణం మార్సి తీసుకురా, పో."

ఆ సాయంత్రం నిజమైన కారణం రాయడానికి కూర్చున్నాను. "హోటల్లో కూర్చుని తినడానికి భయపడి ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను." వాక్యంలో తప్పు లేదు, కానీ అది నా చేతిరాతలో ఉండటం భరించలేకపోయాను. ఎదుటివాళ్ల భయాలను సభలో ఎలా చీల్చేదాన్నో అలాగే దాన్నీ చీల్చి చూశాను. ఎవరేమన్నారు? ఏమీ అనలేదు. ఎవరేం చేశారు? ఏమీ చేయలేదు. నేను లోపల కూర్చున్నదే లేదు, మరి కూర్చుంటే ఏమవుతుందో నాకెలా తెలుసు? రుజువు లేని దాన్ని నమ్మి మోకరిల్లడాన్నే కదా నేను మూఢత్వమని తిట్టేది. కాగితం చింపేశాను.

మళ్లీ సోమవారం, అదే మెస్సు, అదే పెద్దాయన.

"పార్సలా అమ్మా?"

"లేదప్పా. ఆకెయ్యమను."

ఆయన ఒక క్షణం చూసి, లోపలికి కేకేశాడు. ఫ్యాను కింది బల్ల దగ్గర కూర్చున్నాను. తలలు తిరిగాయి. గ్లాసు ఎత్తబోతే నీళ్లు ఒలికాయి, వీరత్వమేమీ లేదు. ముద్ద వచ్చింది, వేలు పెడితే చురుక్కుమంది. బస్సారు వడ్డించేసరికి, తిరిగిన తలలన్నీ ఎవరి ఆకు వైపు వాళ్లకు తిరిగిపోయాయి. ఇన్ని వారాలు నేను ఆకలితో పూజించిన భయం ఆయుష్షు అంతే, వడ్డించే మనిషి వంటింట్లోకి పోయి వచ్చేంత.

సగం తిన్నాక, గల్లాపెట్టె దగ్గర పొట్లం కోసం నిలబడిన ఒకామె నన్నే చూస్తోందని గమనించాను. చంకలో గొడుగు, చేతిలో పరీక్ష కాగితాల కట్ట. టీచరమ్మ అయి ఉంటుంది. కాసేపటికి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఈడ కూర్సుంటే ఏమన్నా అంటారా?"

"ఏమీ అనరు," అన్నాను, పుట్టినప్పటి నుంచీ అక్కడే తింటున్నదానిలా. ఎదుటి కుర్చీ మీద నా సంచి ఉంది. తీసి ఒడిలో పెట్టుకున్నాను. ఆమె కూర్చుని, వెనక్కి తిరిగి, "అన్నా, నాది కట్టొద్దు. ఆకులోనే పెట్టు," అంది.

పుంగనూరులో రెడ్డెమ్మక్క వెనక గదికి పోకుండా అందరి నడుమా ఎందుకు కూర్చుందో నాకు అప్పుడు అర్థమైంది. గాలి కోసమే కాదు. అక్కడ కూర్చున్న ఆడమనిషి వీధికి కనిపిస్తుంది. తిరిగి వచ్చి జరిగిందంతా చెప్పాను. ఆమె నన్ను మెచ్చుకోలేదు. "ముద్ద ఎట్లుండాది?" అని అడిగింది. వేడిగా ఉందక్కా అన్నాను. "ఉప్పు సరిపోయిందా?" అంది.

రెడ్డెమ్మక్క పోయి ఏడేళ్లయింది. ఎక్కడి నుంచో నన్ను చూస్తూ ఉంటుందని నేను అనుకోను, చూడదు, లేదు. నా వ్యాసాల్లో ఏ వాక్యం ఎవరిని కదిలించిందో నాకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. ఆ టీచరమ్మ పొట్లం వద్దన్నది మాత్రం నా కళ్లతో చూశాను. ఆమె పేరు నేను అడగలేదు. ఇప్పుడు ఏ ఊళ్లో ఒంటరిగా తినడానికి కూర్చున్నా, ఎంత బరువున్నా సంచిని ఒడిలోనే పెట్టుకుంటాను. వడ్డించేవాళ్లు ఊరుకోరు. "ఆ కుర్చీలో పెట్టుకోండి మేడమ్, ఖాళీగానే ఉండాది కదా," అంటారు.

"వద్దులేప్పా," అంటాను, "ఎవరన్నా వస్తారేమో."