నాలుగున్నర బారల ఇంటిబండి

ఏది కొన్నా ఒక సైజు పెద్దది కొనడం నా అలవాటు. మనవరాలికి స్కూలు గౌను కొంటే మోకాళ్లు దాటి పిక్కల దాకా వచ్చేది. బూట్లు కొంటే ముందు దూది కుక్కాల్సిందే. పిల్లలు పెరుగుతారు, బట్ట పెరగదు. ఈ మాత్రం తెలియడానికి పెద్ద చదువులక్కర్లేదు, నేను చదివిన మూడో తరగతి చాలు. మా ఇంట్లో ఏ వస్తువూ పొట్టిదైపోయి మూలన పడలేదు. పెద్దదై పడినవి ఉన్నాయి, వాటి సంగతి నన్నెవరూ అడగలేదు.

అప్పుడు సింగపూర్‌లో జురాంగ్ వెస్ట్‌లో ఉండేవాళ్లం. మా అబ్బాయి రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్లు చూసేవాడు. రెండువేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లన్నీ తల్లకిందులైపోతాయని ఊరంతా బెదిరిపోయిన రోజులవి. ఆ గండం గడిచాక వాడికి బోనస్ ఇచ్చారు. జూన్ సెలవులకి ఆస్ట్రేలియా పోదామన్నాడు.

"ఇల్లులాంటి బండి అద్దెకిస్తారమ్మా, మోటర్‌హోమ్ అంటారు. అందులోనే వంట, అందులోనే పడక. మనమే నడుపుకుంటా తిరగొచ్చు."

హోటలు గది అక్కర్లేదు, బయటి తిండి అక్కర్లేదు. నాకు నచ్చింది. మోటర్‌హోమ్ అని నోరు తిరక్క నేను ఇంటిబండి అన్నాను, ఇంట్లో ఆ పేరే నిలిచింది.

వాడు తెచ్చిన రంగుల పుస్తకంలో చిన్న బండి, పెద్ద బండి రెండూ ఉన్నాయి. చిన్నదాంట్లో నలుగురు సర్దుకోవచ్చు. పెద్దదాంట్లో ఆరుగురికి పడకలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూము. అక్కడ జూన్ అంటే చలికాలమట, తిరిగేవాళ్లు తక్కువట, అందుకని చిన్నదాని అద్దెకే పెద్దది ఇస్తామన్నారట. ఇక ఆలోచించేదేముంది? పెద్దదాని మీద వేలు పెట్టాను.

"అదే డబ్బుకి పెద్దదొస్తంటే చిన్నది తీసుకునేవాణ్ణి ఏమంటార్రా?"

"సరేనమ్మా" అన్నాడు. అని గడ్డం మీద వేలు పెట్టుకున్నాడు. నేను చూశాను గానీ పట్టించుకోలేదు. సోమవారం లోపల ఏ బండో ఖాయం చేసి చెప్పాలన్నాడు.

మర్నాడు పప్పు తాలింపు వేస్తూ కోడలు మెల్లిగా మొదలుపెట్టింది.

"అత్తయ్యా, మీరు పెద్దదనేశారు. ఆయన సరేననేశారు. లోపల మాత్రం బెదురుగా ఉందాయనకి."

"బెదురేంటి?"

"స్టీరింగు పట్టుకుని ఏడేళ్లయింది. ఇక్కడ మనకి కారెక్కడుంది? మన ఊళ్లో నడిపింది కూడా చిన్న కారే. ఇదేమో బస్సంతుంది. రైల్లో ఆఫీసుకి పోతా ఆ బొమ్మే చూస్తన్నారంట. మీతో మాత్రం చెప్పరు."

"నాతో చెప్పడానికేం? నేనేమన్నా పులినా?"

కోడలు బాణలి వైపు తిరిగింది. "తాలింపు మాడుతంది అత్తయ్యా" అంది.

మాడడం లేదు. నేను చూస్తూనే ఉన్నాను.

ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. వాడికి ఎనిమిదేళ్లప్పుడు సైకిలు కొన్నాను. పెద్దవాళ్ల సైకిలు, ఎందుకంటే చిన్నది రెండేళ్లలో పనికిరాకుండా పోతుంది. సీటెక్కితే కాళ్లు అందవు కాబట్టి కడ్డీ కిందుగా కాలు దూర్చి, ఒక పక్కకి ఒరిగి తొక్కేవాడు. "పెద్దగా ఉందమ్మా" అని ఒక్కసారి అన్నాడు. "నువ్వే పెరుగుతావులే" అన్నాను. మళ్లీ అనలేదు. నెల తిరక్కుండా కాలవ మలుపులో పడితే గడ్డం మీద మూడు కుట్లు పడ్డాయి. ఆ గీత ఇప్పటికీ ఉంది. ఏదన్నా తేలక లోపల్లోపల నలుగుతున్నప్పుడు వాడి వేలు దాని మీదికే పోతుంది.

సైకిలు మీద పడితే మూడు కుట్లతో పోయింది. ఈ బండిలో వాడితోపాటు పెళ్లాం, పిల్ల, తల్లి ఉంటారు.

ఆదివారం పొద్దున మనవరాలి సుద్దముక్కలు పట్టుకుని అందరినీ కిందికి లాక్కుపోయాను. అక్కడి ఫ్లాట్లలో కింది అంతస్తు ఇళ్లు లేకుండా స్తంభాలతో ఖాళీగా ఉంటుంది. పెళ్లిళ్లయినా, చావులైనా, పిల్లల ఆటలైనా అక్కడే. పుస్తకంలో ఉన్న కొలతని బారల్లోకి మార్చుకున్నాను. రెండు చేతులూ బారజాపితే ఒక బార, కొలతకి నా చేతులుండగా టేపు ఎందుకు కొనాలి? పొడవు నాలుగున్నర బారలు తేలింది. వంగి, ముగ్గుకి హద్దు గీసినట్టు చుట్టూ గీత గీశాను. పొయ్యి ఇక్కడ, పడక ఇక్కడ, బాత్రూము ఇక్కడ.

"నానమ్మా, సో బిగ్ లా! మన వంటింట్లోకి పిల్లర్ వచ్చేసింది!" అని మనవరాలు గంతులేసింది.

నిజమే, పొయ్యి పక్కనే బిల్డింగు స్తంభం నిలబడింది. కాస్త అవతల రాతిబల్ల దగ్గర చదరంగం ఆడుకుంటున్న చైనా ముసలాయన కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు.

"ఆంటీ, లారీ ఆ?"

"హౌస్, అంకుల్. హౌస్ విత్ వీల్స్" అంది మనవరాలు.

"వై? ఫ్లాట్ నాట్ ఇనఫ్ ఆ?"

ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ అర్థమైంది. కోడలు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

ముందు భాగంలో ప్లాస్టిక్ కుర్చీ వేసి అబ్బాయిని కూర్చోమన్నాను. నేను పోయి బండి తోక దగ్గర నిలబడ్డాను. వాడు తల తిప్పి చూశాడు. నాకూ వాడికీ మధ్య అంత నేల. వాడి వేలు గడ్డం మీదికి పోయింది.

"ఎట్టా ఉందిరా?"

"బానే ఉందమ్మా."

"ఏం బాలేదు. చిన్నదే తీసుకో" అన్నాను.

మనవరాలు పరుగెత్తుకొచ్చి నా నుదురు ముట్టుకుంది. "నానమ్మా, ఫీవరా?"

"చిన్నది వద్దు" అన్నాడు అబ్బాయి. "దాంట్లో పడక డ్రైవరు నెత్తిన ఉంటంది, నిచ్చెనెక్కాలి. నీ మోకాళ్లతో ఎక్కలేవు. బాత్రూము కూడా లేదు."

"అయితే నేను రాను, మీరెళ్లండి."

"నువ్వు రాకపోతే ఎవరం పోం."

ఇదీ వరస. పెద్దదైతే వాడికి భయం, చిన్నదైతే నాకు కుదరదు, ఏదీ కాకపోతే ఆ పిల్ల సెలవులు మట్టిపాలు. నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నాకు పని తోస్తుంది.

"పైకి పోయి బట్టలారేసే గడలు తీసుకురండి" అన్నాను.

సింగపూర్ ఫ్లాట్లలో బట్టలు తాళ్ల మీద వేయరు. పొడుగాటి వెదురు గడలకి గుచ్చి కిటికీలోంచి బయటికి చాపుతారు. అలాంటివి మూడు తెప్పించి, చివరలు కలిపి పాత చీరపేలికతో బిగించి కట్టాను. బండి పొడవు వచ్చింది. ముందు కొస వాడి భుజాన పెట్టాను, వెనక కొస నేను పట్టుకున్నాను.

"ఇదే నీ బండి. నేను తోకని. ఆ స్తంభం చుట్టూ తిప్పు."

స్తంభం రాగానే తిరిగాడు. గడ మధ్యలో ఠపీమని స్తంభానికి కొట్టుకుంది. చైనా ఆయన "అయ్యో!" అన్నాడు. ఆ మాట ఆ దేశంలో అందరిదీ.

"మలుపు కనపడగానే తిరగమాక" అని చెప్పాను. పెళ్లిపందిళ్లకి వెదుళ్లు మోయించిన దాన్ని, ఇరుకు సందుల సంగతి నాకు తెలుసు. "ముందువాడు మలుపు దాటాలి. దాటి ఇంకో రెండడుగులు పోవాలి. అప్పుడు తిరగాలి. తోక దాటిందో లేదో వెనకవాడు కేకేస్తాడు."

రెండోసారీ తగిలింది. మూడోసారి నా వేళ్లు నలిగాయి. వాడు గడ దించి, అక్కడే నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఇదే నా భయం. ముందున్నది కాదు, అది కనపడతానే ఉంటది. మీరంతా వెనక ఉంటారు. వెనకేం జరుగుతందో నాకు కనపడదు."

అలా వాడు నోరు విప్పి నాకు చెప్పడం అదే మొదలు.

"మరి మొదటే ఎందుకు చెప్పలా?"

"సైకిలప్పుడు చెప్పాగా."

నేను కాసేపు చీరపేలిక ముడి సరిచేశాను. ముడి బాగానే ఉంది.

"ఆ సైకిలు కొనడం నాదే పొరపాటు" అన్నాను.

కోడలు గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యయ్యో, క్యాసెట్టులో రికార్డు చేసుకోవాల్సింది!"

"నీ సంగతి పైకెళ్లాక చెప్తాను" అన్నాను. "లేవరా. భయం ఉంటే ఉండనీ, భయమున్నవాడు మెల్లిగా పోతాడు. వెనక నేనుంటాగా, నేను చూసి చెప్తా."

నాలుగోసారి స్తంభం దాటి, రెండడుగులు వేసి, అప్పుడు తిరిగాడు. గడ తాకలేదు. ముసలాయన చప్పట్లు కొట్టాడు. సోమవారం పెద్ద బండే ఖాయం చేశాడు. తర్వాత రెండు ఆదివారాలు కూడా మా ఇంట్లో బట్టలు సాయంత్రానికి గానీ ఆరలేదు. పొద్దుటి పూట గడలకి వేరే పని ఉండేది. సుద్దగీతలు మాత్రం మొదటి రోజే బకెట్టు నీళ్లతో నేనే కడిగేశాను. మనం గీసింది ఊడ్చేవాళ్లచేత కడిగించడం మర్యాద కాదు.

ఆస్ట్రేలియాలో అసలు బండిని చూస్తే నా గీతకన్నా పెద్దదిగా కనిపించింది. ఎత్తు గీయడం మర్చిపోయాను. ఆరు పడకల్లో నాలుగే మావి. మిగతా రెంటి మీద ఉల్లిపాయలు, బియ్యం, దుప్పట్లు పడుకున్నాయి, కాబట్టి ఏదీ వృథా పోలేదు. నేను వెనక కిటికీ పక్కన బెల్టు బిగించుకుని కూర్చున్నాను.

అద్దెకిచ్చే చోటు గేటు బయటే ఎడమకి మలుపు. మలుపులో ఒక ఇనప స్తంభం. బండి మెల్లిగా స్తంభం దగ్గరికి వచ్చింది, తిరగలేదు. ఇంకాస్త ముందుకు పోయింది. అప్పుడు తిరగడం మొదలుపెట్టింది.

"అమ్మా, తోక దాటిందా?" ముందునుంచి కేక.

కిటికీలోంచి చూశాను. స్తంభానికీ బండికీ మధ్య మూరెడు జాగా ఉంది.

"దాటింది. పోనీ" అన్నాను.