టీకి ముందు నేరం, టీ తర్వాత తీర్పు

మూకీ సినిమాల మీద మాట్లాడమని మా తెలుగు సంఘం వాళ్ళు పిలిచినప్పుడు నేను ఒక్క షరతు పెట్టాను. ఒక హాస్యనటుడి కథ ఎత్తుతాను, దాన్ని పూర్తిగా చెప్పనివ్వాలి, సగంలో దింపకూడదు. సంఘం కార్యదర్శి ఫోన్‌లోనే "డన్ అంకుల్" అన్నాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. దుబాయ్‌కి వచ్చిన ఇన్నేళ్ళలో, అడగ్గానే డన్ అన్న మనిషి చేతిలో ఏ పనీ తెమలడం నేను చూడలేదు.

కరోనా ఆంక్షలు సడలించాక జరుగుతున్న మొదటి పెద్ద కలయిక అది. మాస్కులు గడ్డాల కిందికి జారిన రోజులు. దుబాయ్‌ని ఆనుకునే ఉన్న షార్జా అల్ నహ్దాలో మా చుట్టుపక్కల బిల్డింగుల తెలుగు కుటుంబాలన్నీ కలిసి ఒక రెస్టారెంటు పైనున్న పార్టీ హాలు మాట్లాడుకున్నాయి. పిల్లల డాన్సులు, అంత్యాక్షరి, మధ్యలో నాకో భాగం. ఉద్యోగం మానేశాక నేను మా అమ్మాయి ఇంట్లోనే ఉంటున్నాను. ఈ ముసలాయనకి పాత సినిమాల పిచ్చి అని బిల్డింగు మొత్తానికి తెలుసు.

పిచ్చి అన్నా పరవాలేదు, అది ఎలా పట్టిందో మాత్రం చెప్పాలి. నేను కాలేజీ గుమ్మం ఎక్కినవాణ్ణి కాను. దుబాయ్ అల్ ఖూజ్‌లో ఒక గోడౌన్‌లో స్టోర్‌కీపర్‌గా చేసేవాణ్ణి. మేముండే లేబర్ క్యాంపులో అందరికీ కలిపి ఒకటే టీవీ, ఒకటే వీసీఆర్. సెలవు వస్తే ఆ టీవీ ముందు యుద్ధమే. మలయాళం పెడితే మనవాళ్ళు అరిచేవారు, తెలుగు పెడితే పఠాన్లు లేచి వెళ్ళిపోయేవారు. ఒకసారి పక్క గోడౌన్ వాడు పారేసిన పెట్టెలో మూకీ క్యాసెట్లు దొరికాయి. అమెరికావాళ్ళవి, అట్టలు చిరిగి ఉన్నాయి. పెట్టాను. మాటే లేని సినిమాకి భాష గొడవ ఎక్కడిది? రొట్టెలు కాల్చుకుంటున్నవాళ్ళు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వెనకటికి తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడని మా నాన్న అనేవాడు. నేనూ అలాగే టీవీ పక్కన నిలబడి, సగం తెలుగు, సగం హిందీ కలిపి చెప్పేవాణ్ణి. పెట్టె అడుగున ఇంగ్లీషు సినిమా పత్రికలు కూడా ఉన్నాయి. డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని వాటిని అక్షరం అక్షరం నమిలాను.

వాటిలో చదివిందే ఆ హాస్యనటుడి కథ. క్యాంపులో అందరినీ ఎక్కువ నవ్వించింది ఆయనే. ఆయన ఇచ్చిన ఒక విందు తర్వాత ఒక అమ్మాయి చనిపోయింది. ఆయనే చంపాడని పత్రికలు రాశాయి. విచారణ మొదలుకాకముందే శిక్ష వేసేశాయి. ఆ పిల్ల చావుకి నిజంగా ఏడ్చినవాళ్ళెందరో తెలీదు గానీ, దాన్ని అమ్ముకున్నవాళ్ళకి లెక్కే లేదు. చివరికి కోర్టు ఆయన నిర్దోషి అంది. ఊరికే వదిలేయడం కాదు, ఈయనకి అన్యాయం జరిగిందని జ్యూరీ ప్రత్యేకంగా రాసిచ్చింది. అయినా ఏం లాభం? అప్పటికే ఆయన సినిమాలు హాళ్ళలోంచి తీసేశారు. జనం నేరాన్ని గుర్తుంచుకుని తీర్పుని మర్చిపోయారు. ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ తీర్పు పదిమందిలో నిలబడి గట్టిగా చెప్పాలని అప్పటి నుంచీ ఉంది.

కార్యక్రమానికి ముందు కార్యదర్శి ఇంటికొచ్చాడు. కరీంనగర్ వాడు, బ్యాంకులో పెద్ద ఉద్యోగం, మంచివాడే. సోఫాలో కూర్చుని చెప్పాడు.

"అంకుల్, మీ ముచ్చట రెండు ముక్కలు చేద్దాం. చాయ్‌కి ముంగట స్కాండల్ చెప్పుండ్రి. చాయ్ అయినంక కోర్టు. సస్పెన్స్ ఉంటది."

"సస్పెన్స్ ఏమిటయ్యా? అది ఒక మనిషి బతుకు."

"అయ్యో, కాదనలే. కానీ జర మసాలా తగిలితేనే మనోళ్ళు కూసుంటరు. తీర్పు కోసమన్నా చాయ్ తాగి మల్ల లోపలికొస్తరు. గది మీ గొప్పతనమే కదా అంకుల్!"

వంటింట్లోంచి మా అమ్మాయి తొంగి చూసింది. "నాన్నా, టీ అయ్యాక మనవాళ్ళు కుర్చీలో కూర్చోవడం నువ్వెప్పుడైనా చూశావా?"

"చెల్లే, గట్లనకు. నేనున్న కదా," అన్నాడు అతను. గొప్పతనం అన్న మాట నా చెవిలో తీయగా దిగింది. సరేనన్నాను.

ఆ రోజు నేను బాగా చెప్పాను. మరీ బాగా చెప్పాను, అదే వచ్చిన చిక్కు. ఆయన సినిమాలోంచి చిన్న ముక్క వేసి, ఆపి, విందు దగ్గర మొదలుపెట్టాను. క్యాంపులో అలవాటైన గొంతు లేచింది. పత్రికలు అమ్మేవాళ్ళ కేకలు కేకలుగానే వేశాను. ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు తలలెత్తారు. ఒకావిడ "ఛీ, ఎంత దుర్మార్గుడో!" అని పైకే అంది. "ఆగండమ్మా, టీ తర్వాత వినండి" అన్నాను. హాలంతా నవ్వింది.

టీ వచ్చింది గానీ సమోసాలు రాలేదు. అవి వచ్చేసరికి వేషాలు కట్టిన పిల్లలు నిద్రకి ఏడుపు లంకించుకున్నారు. పాపం, ముందు వాళ్ళ డాన్సులు కానిద్దాం అన్నారు. కానిచ్చారు. తర్వాత ఎవరో పాట పాడతానంటే కాదనలేకపోయారు. ఈలోగా హాలు మేనేజరు వచ్చి వాచీ చూపించాడు. తలుపు దగ్గర ఫిలిప్పీన్స్ వాళ్ళు బెలూన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు, వాళ్ళ పుట్టినరోజు పార్టీ కోసం. నేను ఎవరూ పిలవకుండానే స్టేజి ఎక్కి మైకు అందుకున్నాను.

"ఇప్పుడు అసలు సంగతి. కోర్టు ఏమందంటే..."

వెనక నుంచి నా భుజాల మీద శాలువా పడింది.

మన సభలకి వెళ్ళేవాళ్ళకి దీని అర్థం వేరే చెప్పక్కర్లేదు. వక్త మాట ఆగకపోతే శాలువాతో ఆపుతారు. అది పడ్డాక ఇక నోరు విప్పడానికి లేదు, చేతులు జోడించడమే. విప్పితే మర్యాద తెలియనివాడు.

"మన అంకుల్‌కి గట్టిగ సప్పట్లు!" అని కార్యదర్శి మైకు లాక్కున్నాడు.

"నిర్దోషి అని తేల్చింది!" అని అరిచాను. అప్పటికే స్పీకర్లలో పాట మొదలైంది.

"జర నవ్వుండ్రి అంకుల్, ఫోటో."

ఆ ఫోటో సంఘం గ్రూపులో ఉంది. శాలువాలో నేను నోరు తెరుచుకుని ఉన్నాను. కింద ఎవరో "అంకుల్ ఎంత ఆనందంగా ఉన్నారో" అని రాశారు.

మర్నాటి నుంచి లిఫ్టులో నాకు నరకం. "అంకుల్, మీ హంతకుడి కథ సూపరండి" అంటాడొకడు. "నవ్వించేవాళ్ళనే నమ్మకూడదు, కదండీ?" అంటుందొకావిడ. నేను తీర్పు మొదలుపెట్టేసరికి వాళ్ళ అంతస్తు వచ్చేస్తుంది. గ్రూపులో రాద్దామని చూస్తే అడ్మిన్లు తప్ప ఎవరూ రాయడానికి వీల్లేదు. బిల్డింగు వాచ్‌మన్‌కి కూడా ఈ కథ ఎవరో చేరవేశారు. "చాచా, వో కాతిల్ పకడా గయా?" అని, ఆ హంతకుడు దొరికాడా అన్నట్టు అడిగాడు. మిగతా సంగతంతా హిందీలో చెప్పాను. చివరిదాకా విని, "అచ్ఛా, పైసా దేకే ఛూట్ గయా హోగా" అని, డబ్బిచ్చి బయటపడ్డాడని తేల్చేశాడు.

కార్యదర్శిని పార్కింగులో పట్టుకున్నాను.

"ఏమయ్యా, నా నోటితోనే ఆయన్ని హంతకుణ్ణి చేయించావు. నాకు పది నిమిషాలు కావాలి. వచ్చే సభలో ఇస్తావా, లేదా?"

"వచ్చేసారి మహిళలకు ముగ్గుల పోటీ అంకుల్. అయినా ఒక్కటి చెప్పుండ్రి. ఆయన చంపకుంటే ఎవరు చంపిండ్రు?"

"ఎవరూ చంపలేదు. రోగంతో పోయిందని వైద్యులు చెప్పారు."

"అంతేనా?" అన్నాడు. వాడి ముఖంలో నిరాశ కళ్ళారా చూశాను. కారు తాళం తీస్తూ, "స్కాండలే మంచిగుంది అంకుల్" అన్నాడు.

ఆ కోపంతో ఇంటికొచ్చి టీవీలో ఆయన సినిమా పెట్టుకున్నాను. మా అమ్మాయి ఆఫీసులో ఉంది. ఎదురు ఫ్లాటు వాళ్ళ అమ్మగారు వచ్చారు, మేమిచ్చిన పులిహోర గిన్నె తిరిగివ్వడానికి. కోనసీమ నుంచి విజిట్ వీసా మీద కొత్తగా వచ్చిన మనిషి. మా సభ నాటికి ఆవిడ ఈ దేశంలోనే లేరు.

తెరవైపు చూసి అక్కడే ఆగిపోయారు. "సౌండు పోయినట్టుందండి అన్నయ్యగారూ."

"పోలేదమ్మా, వీటికి ఉండదు. కూర్చోండి, నేను చెప్తాను."

చెప్పాను. ఆయన పెళ్ళికూతురు ముందు నిచ్చెన మీంచి జారి పిండి బస్తాలో పడ్డాడు. ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. "ఎవరండీ ఈ బాబు? చంటిపిల్లాడి మొహం! తర్వాత్తర్వాత బాగా వృద్ధిలోకి వచ్చుంటాడు, కదండీ?"

తీర్పు నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నాళ్ళకి ఒక మనిషి తీరిగ్గా కూర్చుని అడుగుతోంది. లిఫ్టు లేదు, శాలువా లేదు, ఎంతసేపైనా చెప్పొచ్చు. కానీ ఆయన చంపలేదని చెప్పాలంటే, చంపాడన్నారని ముందు నేనే చెప్పాలి. చెబితే ఆవిడ ఆ చెంగు నోటి మీంచి తీసేస్తుంది. ఇంకెప్పుడూ ఆ మొహాన్ని అలా చూడదు. ఏ తప్పూ చేయని మనిషికి మంచి చేయాలన్నా ముందు మచ్చ పూయాల్సిందేనా? నాకు ఎప్పుడూ అంత ఒళ్ళు మండలేదు.

"వచ్చాడమ్మా," అన్నాను. "బాగానే వచ్చాడు."

ఆవిడ చెప్పులు విడిచి, కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నారు. నేను లేచి, తెర పక్కన నిలబడ్డాను.