ఒక మేకు, రెండు పేర్లు

మా జిన్నింగ్ మిల్లులో ఎవరు ఎవరి కింద పనిచేస్తున్నారో ఎవరికీ తెలియదన్న సంగతి, బ్యాంకువాళ్ళు అడిగేదాకా మాకే తెలియదు. ఎనభైల మొదట్లో మాట. ఒంగోలు నుంచి గుంటూరు పోయే రోడ్డు పక్కన మిల్లు. ముందు గేట్లోంచి పత్తి వచ్చేది, వెనక గేట్లోంచి దూది బేళ్ళూ గింజలూ పోయేవి. మధ్యలో ఎవరు ఏం చేస్తారో యజమానికి అక్కర్లేదు గానీ, లోను అడిగేసరికి బ్యాంకుకి కావలసి వచ్చింది. మద్రాసు నుంచి కొత్తగా దిగిన మేనేజరు దాన్ని ఆర్గనైజేషన్ చార్టు అంటారని మాకు చెప్పి, అంతటితో తన వంతు పూర్తయినట్టు నా వైపు చూశాడు. నేను టైమాఫీసులో హాజరు మస్టర్లు రాసుకునే బీకాం గుమాస్తాని. చదువుకున్నందుకు అంతమాత్రం శిక్ష ఉండాలి కదా.

మొదటి చార్టు బజార్లో బోర్డులు రాసే పెయింటరు చేత డ్రాయింగు షీటు మీద రాయించాను. రంగు ఆరేలోగా అది తప్పయి కూర్చుంది. సోమవారం కొనుగోళ్ళు చూసే యజమాని బావమరిది గురువారానికి అలిగి స్టోర్సుకి మారాడు. శనివారం బతిమాలించుకుని మళ్ళీ కొనుగోళ్ళకి వచ్చాడు. ఆయన అలకకి తగ్గట్టు వారానికో షీటు రాయిస్తూ పోతే మిల్లంతా పెయింటరు పాలవుతుందని, నేనే ఒక ఉపాయం పన్నాను. వడ్రంగి చేత ఒక ప్లైవుడ్ పలక చేయించి, దాని నిండా వరసలుగా మేకులు కొట్టించాను. మనిషికో అట్టముక్క, దాని మీద పేరూ పనీ. ఎవరు ఎవరి మాట వింటారో ఒక మేకు నుంచి ఇంకో మేకుకి పురికొస. మనిషి మారితే అట్టముక్క మారుతుంది, అంతే. ఎంత గొప్ప పని చేశానో అని నా భుజం నేనే తట్టుకున్నాను, ఇంకెవరూ తట్టలేదు కాబట్టి.

ఒక్కొక్కర్నీ పిలిచి నీ పైన ఎవరు అని అడిగాను. యజమాని గారన్నాడు ఫిట్టరు. యజమాని గారన్నాడు కాటా గుమాస్తా. వాచ్‌మన్ అదే అన్నాడు, టీ కాచే ఆయన కూడా అదే అన్నాడు, మధ్యలో ఇంకొకరున్నారంటే పరువు పోతుందన్నట్టు. పురికొసలన్నీ ఒకే మేకుకి చుట్టుకుని ఆ మేకు కాస్తా వంగిపోయింది. మద్రాసు మేనేజరు కింద మాత్రం ఒక్క పురికొసా లేదు.

అప్పుడు ప్రశ్న మార్చాను. పని ఆగిపోతే ఎవరి దగ్గరికి పరుగెత్తుతావు? ఈసారి అందరూ ఒక్కరి పేరే చెప్పారు. యజమాని కాదు, మేనేజరు కాదు, పత్తి గ్రేడు చేసే ఒక ఆడకూలీ.

ఆమె ఆ మిల్లు కట్టేటప్పుడు ఇటుకలు మోసింది. తర్వాత పత్తిలోకి వచ్చింది. పత్తి కుక్కిన బోరంలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, ఎక్కడ నీళ్ళు చల్లి తెచ్చారో, ఏ పత్తిని ఎంతసేపు ఎండలో పరవాలో చెప్పేది. వినకుండా పోస్తే తడి పత్తి చుట్టుకుని జిన్ను ఆగిపోయేది. అన్నేళ్ళ దూది దుమ్ముకి ఆమెకి దగ్గు పట్టుకుంది. వారం వారం నా కిటికీ దగ్గర వేలిముద్ర వేస్తూ ఒకే మాట అడిగేది. "బాబూ, ఈ ఏడన్నా నన్ను పర్మినెంటు చేయిత్తారా? పడకేస్తే నాలుగు రోజులు సెలవన్నా ఉంటది." పర్మనెంటు కాని మనిషికి మా మిల్లులో జబ్బు చేసే హక్కు లేదు.

కావటానికి అడ్డేమిటో నాకు తెలుసు, ఎందుకంటే అది రాసే చెయ్యి నాదే. ఆమెలాగే మావైపు క్రైస్తవుల్లో చాలామందికి రెండు పేర్లుంటాయి. ఇంట్లోవాళ్ళు పెట్టి, సర్కారు కాగితాల్లోకి ఎక్కిన పేరొకటి. బాప్తిస్మం నాడు పాస్టరు గారు పెట్టిన పేరొకటి. ఇందులో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, మా మిల్లుకి తప్ప ఎవరికీ దానితో లాభమూ లేదు. ఏడాది పొడవునా వరసగా పనిచేసిందని తేలితే చట్టం ప్రకారం ఆమెను పర్మనెంటు చేయాలి. అందుకని ఆరు నెలలు మస్టర్లో ఇంట్లో పెట్టిన పేరుతో ఒక కూలీ ఉండేది, తర్వాత ఆమె మానేసేది. మర్నాడే చర్చి పేరుతో ఇంకో కొత్త కూలీ చేరేది. ఇద్దరి వేలిముద్రా ఒకటే కావడం దైవలీల. నాకు ముందున్న గుమాస్తా ఈ విద్య నేర్పి రిటైరయ్యాడు.

బోర్డు మీద మాత్రం అబద్ధం రాయబుద్ధి కాలేదు. మనిషి ఒకతే, మేకు ఒకటే. ఒకే అట్టముక్క మీద రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి రాసి తగిలించాను. అన్ని పురికొసలూ అక్కడికే వచ్చాయి. చార్టు ఇన్నాళ్ళకి నిజమైంది. ఆమెకి చదువు రాదు కాబట్టి పిలిచి చూపించాను. రెండు పేర్ల మీదా వేలు పెట్టి తడిమి చూసుకుని, "రెండూ కలిపావా బాబూ? అయితే ఇంక పర్మినెంటేగా" అంది. బోర్డెక్కాక ఎవరు కాదంటారమ్మా అన్నాను. నా సొమ్మేం పోయింది?

బ్యాంకు ఆఫీసరు వచ్చాడు. పాపం మంచివాడు, చదవమని పెట్టిన దాన్ని నిజంగా చదివాడు. ఆమె కార్డు దగ్గర ఆగి, ఈవిడ ఏడాదంతా ఉంటారా అని అడిగాడు. యజమాని హాయిగా నవ్వి కొబ్బరిబోండాం కొట్టించాడు. కారు గేటు దాటాక బోర్డు దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు. "బోర్డు బాగుందయ్యా. ఆ కార్డు తీసెయ్. మేకు కూడా పీకెయ్, ఖాళీగా ఉంటే ఎవరిదని అడుగుతారు."

పీకేశాను.

మర్నాడు గేటు దగ్గరే ఆమెకి పని లేదన్నారు. ఇంట్లో పెట్టిన పేరుకీ లేదు, చర్చి పేరుకీ లేదు. మూడు రోజులు జిన్నులు ఆగి ఆగి నడిచాయి. బావమరిది గారు స్వయంగా బోరంలో చెయ్యి పెట్టి చూసి, వేళ్ళ మధ్య పురుగు పాకితే కెవ్వుమన్నారు.

వారం తిరిగాక ఆమె నా కిటికీ దగ్గరికి వచ్చింది. లేబరాఫీసరు దగ్గరికి ఒంగోలు పోయొచ్చిందట. ఇద్దరూ నువ్వేనని చెప్పే కాగితమేదన్నా ఉందా అని అడిగాడట ఆయన.

"ఆ అట్టముక్క ఇయ్యి బాబూ. రెండు పేర్లూ ఒకచోట ఉంది దాంట్లోనేగా."

అది నా సొరుగులో ఉంది. సొరుగు మీద నా మోచేయి ఉంది. నాకు పెళ్ళి కుదిరింది, ఉద్యోగం చూసే పిల్లనిస్తామన్నారు. ఇవన్నీ ఒక్క క్షణంలో గుర్తొచ్చాయి, గొప్ప జ్ఞాపకశక్తి నాది.

"చింపేశానమ్మా" అన్నాను.

ఆమె దగ్గు ఆగేదాకా కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది. "పోనీలే బాబూ. ఇన్నేళ్ళల్లో నన్ను నన్నుగా రాసినోడివి నువ్వొక్కడివే" అని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. లేబరాఫీసరు దగ్గర ఏమీ తేలలేదని తర్వాత విన్నాను. తేల్చేది నా సొరుగులో ఉంటే అక్కడేం తేలుతుంది?

బ్యాంకు మాకు లోను ఇచ్చింది. అంత పకడ్బందీ చార్టు జిల్లాలో చూడలేదన్నారట. దసరాకి నన్ను సీనియర్ గుమాస్తాని చేశారు. బోర్డు తప్పుగా ఉండకూడదు కాబట్టి, నా కార్డు తీసి ఒక వరస పైన పెట్టబోయాను. అక్కడ మేకు లేదు, నేను పీకిన చోటే అది. డబ్బాలో వెతికితే ఆమెది ఉంది. కాస్త వంకర పోయింది, రాయితో సరిచేసి దాన్నే కొట్టాను.