ఎర్ర రిబ్బన్లతో నేను వేసిన రోడ్డు

చిన్న తప్పు చేస్తే ఇంట్లోవాళ్ళు తిడతారు. కాస్త పెద్దదైతే వీధి తిడుతుంది. నేను మాత్రం ఒక శనివారం ఉదయం మూడు గంటలపాటు, ఒళ్ళంతా చెమటలు కక్కుకుంటూ, ఎంతో శ్రద్ధగా పనిచేసి ఒక ఊరు ఊరంతా నా మీదికి వచ్చేలా చేసుకున్నాను. నా దగ్గర ఉన్న సరంజామా అంతా కలిపి ఒక ఎర్ర రిబ్బను చుట్ట, ఒక కత్తెర. ఎలా జరిగిందో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పుడు నాకు ముప్పై నాలుగేళ్ళు. ఇల్లు కాశీబుగ్గలో, ఉద్యోగం టెక్కలిలో. ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెప్పేవాణ్ణి. రోజూ బస్సులో కూర్చుని పోయి, క్లాసులో నిలబడి, మళ్ళీ బస్సులో కూర్చుని వచ్చేసరికి నడుము చుట్టూ ఒక టైరు తయారైంది. దాన్ని తగ్గించడానికి రెండు టైర్లు కొన్నాను. కొండలెక్కే సైకిలు! ముందు చక్రానికి స్ప్రింగులు, మణికట్టంత లావు టైర్లు. మా పలాస చుట్టుపక్కల ఆ సైకిలు ఎక్కదగ్గ కొండ దాకా నేనెప్పుడూ పోలేదనుకోండి, అది వేరే సంగతి.

సైకిలుతో ఆగినా బాగుండేది. హెల్మెట్, పసుపు కళ్ళద్దాలు, సగం వేళ్ళ చేతి తొడుగులు, మోకాళ్ళకు డిప్పలు, కూర్చునే చోట మెత్త కుట్టిన బిగుతు నిక్కరు, హ్యాండిల్ మీద దారి చూపించే జీపీఎస్ డబ్బా, వీపున నీళ్ళ సంచి, అందులోంచి నోటిదాకా ఒక గొట్టం. ఇవన్నీ తగిలించుకుని మొదటిసారి హాల్లోకి వచ్చినప్పుడు మా ఆవిడ సుజాత బెండకాయలు తరగడం ఆపి చూసింది.

“ఏటండీ, సముద్రంలో దిగుతారా, సెందురుడి మీదికెల్తారా?”

“ట్రైల్ రైడింగ్.”

“నిక్కరెనకాల ఆ దిండేటి?”

“ప్యాడింగ్. శాస్త్రీయం.”

“అయితే శాస్త్రీయంగా పెరటి గుమ్మంలోంచి ఎల్లండి. ముందర అరుగు మీద మా అన్నయ్య కూసున్నాడు.”

పలాసలో ఆదివారం పూట సైకిళ్ళు తొక్కే పదిమంది జట్టు ఒకటి ఉంది. దానికి పెద్ద అప్పలస్వామి గారు. సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చారు. మాకందరికీ సుబేదార్ మావ. ఆయన మీసం ఒక్కటే నా కామర్స్ క్లాసు మొత్తాన్ని కూర్చోబెట్టగలదు. దారి మర్యాద తప్పితే మావ ఊరుకోడు. నెత్తిన బుట్టతో మనిషి ఎదురైతే మనమే దిగి పక్కకు నిలబడాలి. తోట దడి మూసి ఉంటే మూసే పోవాలి. తాగిన నీళ్ళ సీసా మనతోనే ఇంటికి రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, తోట ఎవరిదో వాళ్ళకు చెప్పకుండా అందులో చక్రం పెట్టకూడదు.

నేను ఈ నియమాలను మొదటివారం బట్టీపట్టి, రెండోవారం నుంచి తోటివాళ్ళకు పాఠం చెప్పడం మొదలుపెట్టాను.

“మలుపులో బెల్లు కొట్టాలి సార్,” అన్నాను ఒకసారి ఒక బ్యాంకు ఉద్యోగితో.

“ఎవరికి కొట్టాలండీ? అక్కడున్నది ఆవు.”

“ఆవుకూ దారి మీద హక్కుంది.”

అప్పటినుంచి ఆయన నా వెనక తొక్కడం మానేసి, నాకు కనబడనంత ముందు తొక్కేవాడు.

అలాంటి రోజుల్లో విశాఖ నుంచి ఎనిమిదిమంది సైక్లిస్టులు మా ఉద్దానం తోటల్లో తొక్కడానికి వస్తామన్నారు. దారి తప్పకుండా ముందురోజు చెట్లకు రిబ్బన్లు కట్టాలి. నేను ఎగిరి ముందుకొచ్చాను.

“ఆ పని నాకొదిలేయండి మావా.”

“కడతావు, సరే. తోటలోల్లని అడిగి కట్టు. ఏటి కడతన్నావో, ఎందుకు కడతన్నావో ఒక్కొక్కలికీ సెప్పు. ఆదివారం మజ్జాన్నానికి ఇప్పేత్తానని కూడా సెప్పు.”

“అదేమంత పెద్ద పని మావా!”

నిజమే, పెద్ద పని కాదు. అందుకే చేయలేదు.

వజ్రపుకొత్తూరు దాటి అక్కుపల్లి వైపు పోతే సముద్రానికి ఇవతల జీడితోటలు, వాటి మధ్య కొబ్బరిచెట్లు, ఆ మధ్యలో మనిషి పట్టేంత ఇసుక బాటలు. ఊరి పేరు చెప్పను. అక్కడ నాకు ఇప్పుడిప్పుడే పరువు మొలకెత్తుతోంది. జీడి పూత మీదున్న రోజులు. ఆ పక్కన భూములు పోతాయన్న కబురు ఎప్పుడూ ఏదో ఒకటి గాలిలో ఉంటుంది. కొత్త మనిషి వచ్చి చెట్టుకు గుర్తు పెడితే ఎవరికైనా గుండె జారుతుంది. ఇంత చిన్న సంగతి కామర్స్ లెక్చరర్‌కు తట్టాలా? తట్టలేదు. ఎనిమిదో రిబ్బను కడుతుండగా భుజాన తువ్వాలుతో ఒక రైతు వచ్చాడు. పేరు కూర్మయ్య. నా హెల్మెట్ నుంచి మోకాలి డిప్పల దాకా ఒకసారి చూసి చేతులు కట్టుకున్నాడు.

“సారూ, ఏటండి ఈ గుడ్డలు?”

సారూ! పన్నెండేళ్ళ సర్వీసులో నా విద్యార్థి ఒక్కడు కూడా నన్ను అంత వినయంగా పిలవలేదు. నా ఛాతీ, నీళ్ళ సంచి పట్టీ తెగేంతగా పొంగింది.

“రూటు గుర్తులు,” అన్నాను గంభీరంగా.

“రూటంటే… దారి ఇటేపే ఎల్తాదా?”

“ఆఁ. ఇటే ఫిక్స్ చేశాం.”

అప్పుడే హ్యాండిల్ మీద జీపీఎస్ డబ్బా కుయ్‌మంది. కూర్మయ్య ఒక అడుగు వెనక్కు వేశాడు.

“కొలతలు కూడా అయిపోనాయా సారూ?”

“మొత్తం ఇందులో ఎక్కిపోయింది. రేపు విశాఖ నుంచి టీము వస్తోంది. వాళ్ళకు నచ్చిందంటే ఇక పెద్ద ఎత్తున చేస్తాం.”

“మరి ఈ సెట్టో?”

నేను చెట్టును చూశాను. నిండా పూతతో ఒక కొమ్మ బాట మీదికి వంగి ఉంది. విశాఖ అతిథుల హెల్మెట్లకు తగులుతుందేమో అనిపించింది.

“చెట్టుకేం ఫరవాలేదు. ఈ కొమ్మొక్కటే అడ్డం,” అని సైకిలెక్కి తొక్కుకుంటూ పోయాను. వెనక్కు తిరిగి చూసి ఉంటే కూర్మయ్య ఆ చెట్టును కావలించుకుని నిలబడటం కనిపించేదట. తర్వాత ఊళ్ళోవాళ్ళే చెప్పారు.

తోటల చివర ఒక పెంకుటిల్లు. ముందు పోలమ్మ అనే ఆమె నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి. చెమటలు కారుతున్న నన్ను చూసి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

“ఆ గొట్టమేటి బాబూ? ఒంట్లో బాగోలేదా?”

“అందులో నీళ్ళుంటాయమ్మా.”

“నీల్లకి గొట్టమెందుకు? నోరుంది కదా.” జవాబు కోసం ఆగలేదు. “బాబూ, అందరి తోటల్లోంచీ ఎల్తాదంట, మా ఇంటికాడికి రాదేటి?”

“ఇటు ఇసుక ఎక్కువమ్మా. ప్లాన్‌లో లేదు.”

ఆమె ముఖం వాడిపోయింది. “పెద్దోల్లకి సెప్పి మార్సనేవా?”

నేనొక్కణ్ణే పెద్దవాణ్ణన్న ధీమాతో, హెల్మెట్ సర్దుకుంటూ, జీవితంలో అన్నిటికన్నా బుద్ధిలేని మాట అన్నాను.

“మార్చడానికేముందమ్మా, రిబ్బను ఎటుంటే అటే వస్తారు.”

పోలమ్మ తల ఊపింది. చాలా శ్రద్ధగా ఊపింది. శ్రద్ధగా తల ఊపేవాళ్ళను క్లాసులో చూసి ఎరగను కనుక నాకు అనుమానం రాలేదు.

ఆదివారం ఉదయం పద్దెనిమిదిమందిమి బయలుదేరాం. నేనే ముందు. దారిలో విశాఖవాళ్ళకు ఆవు హక్కుల దాకా అన్నీ వివరించాను. తోటల మొదట్లో నేను కట్టిన రిబ్బను కట్టినచోటే ఉంది. రెండోది లేదు. మూడోది లేదు. కూర్మయ్య చెట్టు దగ్గర రిబ్బనూ లేదు, ఆ పూత కొమ్మా లేదు. నరికినచోట జిగురు ఇంకా ఆరలేదు. ఇంతలో దూరంగా, ఎడమవైపు, ఎర్రగా ఒకటి రెపరెపలాడింది.

“ఇటే!” అని అరిచాను.

సుబేదార్ మావ పక్కకు వచ్చాడు. “నువ్వు కట్టిందేనా?”

“నా చేత్తో కట్టాను మావా.”

“అందరినీ అడిగే కట్టావు కదా?”

“అందరితో మాట్లాడాను.”

అబద్ధం కాదు. మాట్లాడాను. నా మాటలే కొంప ముంచాయని అప్పటికి తెలియదు.

జీపీఎస్ డబ్బా దారి తప్పావని కీచుమంది. దాని నోరు నొక్కేశాను. రిబ్బన్లు మమ్మల్ని ఇసుక దిబ్బలోకి లాక్కుపోయాయి. లావు టైర్లు లడ్డూలో జీడిపప్పులా దిగబడ్డాయి. అందరం దిగి సైకిళ్ళు తోసుకున్నాం. ఒక మొగలి పొద విశాఖ ఆయన కొత్త జెర్సీని భుజం దగ్గర అందుకుని సగం తన దగ్గరే ఉంచేసుకుంది.

“ఇది మీ రూట్‌లో ఉన్నదేనా అండీ?” అన్నాడాయన.

“టెక్నికల్ సెక్షన్,” అన్నాను.

ముందుకు పోయేకొద్దీ రిబ్బన్లు చిక్కబడ్డాయి. చెట్టుకొకటి, తర్వాత కొమ్మకొకటి. చివరికి మేం పోలమ్మ వాకిట్లో తేలాం. అక్కడ నూతి గిలకకు రిబ్బను. పాక గుంజకు రిబ్బను. కట్టేసిన మేక మెడలో కూడా చక్కని ముడి వేసిన రిబ్బను. పోలమ్మ కొత్తచీర కట్టుకుని, కొట్టిన కొబ్బరి బొండాలు వరసగా పెట్టుకుని, మా అందరినీ దాటి తిన్నగా సుబేదార్ మావ మీసం దగ్గరకు వెళ్ళి దండం పెట్టింది.

“పెద్దాపీసరు బాబూ, వచ్చినారు. నూతికాడినించి రోడ్డెయ్యండి. పాక అడ్డమైతే నానే పీకించేత్తాను.”

మావ నా వైపు తిరిగాడు. ఆ చూపును తుపాకీలో పెట్టి పేల్చవచ్చు.

“రోడ్డేటిరా?”

నేను నోరు తెరిచేలోపు కూర్మయ్య, అతని వెనక ఇరవైమంది దాకా తోట రైతులు వచ్చేశారు. విశాఖ టీము వచ్చిందని ఊళ్ళో తెలిసిపోయింది.

“మా తోటలు ఇయ్యం! ఈ సర్వే ఆపెయ్యండి!” అన్నాడు ఒకాయన. ఇంకొకాయన, “మేం ఇప్పి పారేసిన గుడ్డలు ఇక్కడికెలగొచ్చినాయి?” అన్నాడు.

“నానే ఏరుకొచ్చినాను,” అంది పోలమ్మ తలెత్తి. “మీకొద్దు, నాకు కావాల. ఈ సారే సెప్పినాడు, గుడ్డ ఎటుంటే అటే వత్తారని.”

నలభై జతల కళ్ళు నా మీద పడ్డాయి. అంతమంది ఒకేసారి నన్ను శ్రద్ధగా గమనించడం కూడా అదే మొదలు.

“రోడ్డు కాదండీ,” అన్నాను. గొంతు నాది కాదు, మేకది. “సైకిళ్ళు తొక్కడానికి గుర్తులు.”

“పందేలా?” అన్నాడు కూర్మయ్య.

“కాదు. ఊరికే.”

“ఊరికే అంటే?”

“వస్తాం… తొక్కుతాం… పోతాం.”

కూర్మయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “కొమ్మ ఇచ్చేత్తే సెట్టు మిగుల్తాదని నిన్న సాయంత్రం నా సేత్తో నానే నరుక్కున్నాను సారూ. నిండా పూత. నువ్వు ఊరికే తొక్కడానికా?”

ఆ మాటకు నవ్వు రాలేదు. ఇప్పటికీ రాదు. ఇన్ని డిప్పలు తగిలించుకున్నాను కానీ, ఆ మాట తగిలినచోట ఏ డిప్పా లేదు. హెల్మెట్ తీశాను. కూర్మయ్య ముందు నిలబడి తప్పైపోయిందన్నాను. మావ కూడా తన హెల్మెట్ తీసి, అందరి తరఫునా క్షమించమని అడిగాడు. మిలటరీ మనిషి అలా తల దించేసరికి రైతుల కోపం కొంచెం మెత్తబడింది. పోలమ్మ మాత్రం గడప మీద కూలబడింది.

“అయితే రోడ్డు రాదా?”

మావ వాకిట్లో ఒక మూలకు చూశాడు. కొబ్బరికాయలు కుప్పగా పడి ఉన్నాయి.

“అవలా పడున్నాయేటమ్మా?”

“ఆటో ఈ ఇసకలో దిగబడిపోతాది. నెత్తిమీద మొయ్యగలిగినన్ని మోసినాను. నాను రోడ్డడిగింది దానికే కదా.”

మావ ఈల వేశాడు. “అందరూ లైన్లో రండి! ఈ కాయలన్నీ తార్రోడ్డు మీదికి సేరాల. పదండి!”

అప్పుడు బయటపడింది మా సైకిళ్ళ అసలు రంగు. కూర్మయ్య నా సైకిలు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

“కేరేజీ లేదు, స్టాండు లేదు, మడ్‌గార్డు లేదు. కొత్తదే కదా సారూ, ఎవడో ఇప్పుకుపోయినాడేటి?”

“ఇది ఇలాగే వస్తుంది.”

“ఓలమ్మో! కొట్టోడే ఇప్పుకున్నాడన్నమాట.”

అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుతోనే గొడవ చల్లబడింది. మేం రెండేసి కాయలను పీచుతో ముడివేసి హ్యాండిళ్ళకు వేలాడదీశాం. కూర్మయ్య ఇంటికెళ్ళి వెనకాల కేరేజీ ఉన్న పాత సైకిలు తెచ్చాడు. దాని మీద రెండు బస్తాలు కట్టి, తోసే పని నాకు అప్పగించాడు. నాలుగు ట్రిప్పులు. మెత్త కుట్టిన నిక్కరుతో బాతులా నడుస్తూ నేను ఎదురైనప్పుడల్లా విశాఖవాళ్ళు దిగి పక్కకు నిలబడేవారు. బరువుతో వచ్చేవాడికి దారి వదలాలని పొద్దున వాళ్ళకు చెప్పింది నేనే. మావ అయితే ప్రతిసారీ సెల్యూట్ కొట్టాడు.

కాయలన్నీ ఆటోలో ఎక్కేసరికి మధ్యాహ్నమైంది. నేను పోలమ్మ వాకిట్లోకి వెళ్ళి, ఆమె అనుమతి అడిగి మరీ రిబ్బన్లు ఒక్కొక్కటే విప్పాను. మేక మాత్రం తనది విప్పనివ్వలేదు. పోలమ్మ నా వెనకే తిరుగుతూ, నేను చివరి రిబ్బను చుట్టుకుంటున్నప్పుడు మెల్లిగా అడిగింది.

“బాబూ, ఒక్క మాట సెప్పు. మీరు రోడ్డోలు కారు, తెలిసింది. మరి నిజం రోడ్డోలు ఏ రంగు గుడ్డ కడతారు?”

“ఎందుకమ్మా?”

“ముందే ఓ పది కట్టి ఉంచుతాను. వాలకీ పని తగ్గుతాది.”

జవాబు చెప్పబోయి, ఈ ఊళ్ళో నా జవాబుల చరిత్ర గుర్తొచ్చి, నోరు మూసుకున్నాను.

ఆ రోజే, సముద్రం వైపు తిరిగి, కొబ్బరి పీచుతో ఒరుసుకుపోయిన రెండు చేతులూ జోడించి ప్రమాణం చేశాను. ఈ జన్మలో యజమానిని అడగకుండా ఎవరి చెట్టుకూ, గుంజకూ, మేకకూ దారప్పోగు కూడా కట్టను. ఎవరైనా నన్ను “సారూ” అని పిలిస్తే, ముందు హెల్మెట్ తీసి, ఎందుకు పిలిచారో కనుక్కుని, ఆ తర్వాతే పొంగిపోతాను.