అవ్వ చీర రంగు

కనురెప్పల మీద ఆవగింజలంత బుడిపెలు. ఉన్నా నష్టమేమీ లేదనీ, కావాలంటే అందం కోసం తీసేయించుకోవచ్చనీ మేడ్చల్‌లో డాక్టరమ్మ చెప్పింది. అద్దంలో చూసుకున్నప్పుడల్లా ముందు అవే కనబడి ఒళ్ళు మండేది. లేజర్‌తో తీయించేసుకున్నాను. రెప్పల కింద, కనుగుడ్ల మీద మూతలు పెట్టి కాలుస్తుంటే కమురు వాసన. కుదురుగా పడుకోవడం నావల్ల అయ్యే పని కాదు. "కదలకండి" అని ఆవిడ గదుముతూనే ఉంది.

దేవరయాంజాల్‌లో మా ఇంటికి చేరేసరికి రెప్పలు ఉబ్బాయి. మర్నాటికి కాల్చిన చోటల్లా చెక్కులు కట్టాయి. బాపు వాళ్ళమ్మ, మా అవ్వ, అది చూసి గుండె బాదుకుంది.

"బిడ్డకు తల్లి వోసింది!"

లేజర్ అన్నా, దవాఖాన అన్నా వినలేదు. గుమ్మానికి వేపమండలు వేలాడాయి. తల్లి, అంటే అమ్మవారు, పోసిన ఇంట్లో పోపు పెట్టకూడదని మా అమ్మ చేత చప్పిడి పప్పు వండించింది. పసుపూ వేపాకూ నూరి రెప్పలకు రాస్తానని వస్తుంటే గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. ఏదీ రాయొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది.

లోపల కూర్చోలేను, పడుకోలేను. మంచం చుట్టూ తిరగడమే పని. అవ్వ వసారా కిటికీ దగ్గరకొచ్చింది.

"నేనేం రంగు చీర కట్టిన, చెప్పు?"

చూసి, ఎర్రదని చెప్పాను. కాసేపటికి మళ్ళీ వచ్చింది.

"గిప్పుడు చెప్పు, ఏం రంగు?"

"నా పానం దియ్యకు అవ్వా! ఎర్రదే అని చెప్పిన గదా!" అటు తిరిగి చూడకుండానే అరిచాను.

 తర్వాత బాపు తలుపు తట్టాడు.

"జర మంచిగ జూసి చెప్పు బిడ్డా. మా అక్కకు చిన్నప్పుడు తల్లి వోసి కండ్లు పోయినయ్. అవ్వ ఏడుస్తదని చానా దినాలు దాచింది. చీర రంగు అడిగితే అందాజ్‌గ ఏదో ఒకటి చెప్పేది."

ఆ అత్త నేను పుట్టకముందే చనిపోయింది. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఏడుపొచ్చింది. ఉప్పునీళ్ళకు రెప్పలు భగ్గున మండాయి.

గడియ తీశాను. అవ్వ గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. ఒంటి మీద ఆకుపచ్చ చీర. నన్ను పరీక్షించడానికి మార్చుకొచ్చింది.

ఎదురుగా కూర్చుని, నొప్పిగా ఉన్నా రెప్పలు బాగా ఎత్తాను.

"ఆకుపచ్చది అవ్వా. పసుపు అంచు. కొంగు కాడ చినిగితే నల్లదారంతోని కుట్టుకున్నవ్."

అవ్వ కొంగు చేతిలోకి తీసుకుని వేళ్ళతో తడుముకుంది. కుట్టు దొరికింది. ముఖానికి ఆ కొంగే అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

తర్వాత ముక్కు తుడుచుకుని బాపు వైపు తిరిగింది.

"ఇగ పప్పుల పోపు వెయ్యమను."