కత్తక్క వేలికి తగిలిన పసుపు గింజ

ఆసుపత్రి కింది అంతస్తు ల్యాబులో ఆమెను అందరూ కత్తక్క అంటారు. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైనంలో పోతపోసి, ఉల్లిపొర కన్నా పలుచగా కోసి, గాజు పలకల మీదికి ఎక్కించడం ఆమె పని. ఇరవై ఆరేళ్లుగా అదే బల్ల, అదే చక్రం తిప్పే యంత్రం. ఆ పేరు చేతిలో కత్తి వల్ల వచ్చిందా, నోటి వల్ల వచ్చిందా అని ఎవరైనా అడిగితే, "రెండూ నూరే ఉంచుతాను" అంటుంది. కోసిన పొరను విప్పారడానికి గోరువెచ్చని నీళ్లలో తేల్చినప్పుడు ఏమాత్రం ముడత పడినా పారేసి మళ్లీ కోస్తుంది.

ఒక సోమవారం ఓ బస్సు డ్రైవరు పేగుముక్క వచ్చింది. పేగు వాచి పుండ్లు పడే క్రోన్స్ జబ్బు అతన్ని పద్దెనిమిదేళ్లుగా పీడిస్తోంది. వాచి, మాని, మళ్లీ వాచి, చివరికి పేగు దారే మూసుకుపోతే ఆ భాగం కోసి తీసేశారు. కొత్తగా చేరిన కుర్ర డాక్టరు పరీక్షకు కావలసిన ముక్కలు ఏరి పెట్టాడు. మిగిలిన పేగును డబ్బాలో సర్దుతున్న కత్తక్క ఆగిపోయింది. వేలికి పెసరగింజంత గట్టిగా ఏదో తగిలింది.

"డాక్టరుగారూ, ఇదొకసారి చూడండి."

"మచ్చే అక్కా. అన్నేళ్ల వాపు, గట్టిపడదా మరి?"

"మచ్చయితే తెల్లగా ఉంటుందండీ. ఇది పసుపుగా ఉంది."

"ఇప్పటికే పన్నెండు ముక్కలు పెట్టాను. సాయంత్రంలోగా ఇంకా బోలెడు తేల్చాలి."

"పదమూడోది నేను కోస్తాను. ఒక పూట తిండి మానితే నా ప్రాణమేం పోదు. ఆయన సంగతే చెప్పలేం."

డాక్టరు నవ్వి ఒప్పుకున్నాడు. మర్నాడు సూక్ష్మదర్శినిలో ఆ పలక చూశాక నవ్వు పోయింది. ఒకే అచ్చులో పోసినట్టు గుండ్రటి కణాలు, గుంపులు గుంపులుగా ఉన్నాయి. పెద్ద డాక్టరమ్మ వచ్చి చూసి, అది న్యూరోఎండోక్రైన్ కణితి అని తేల్చింది. పేగులో హార్మోన్లు తయారుచేసే కణాల్లోంచి పుట్టే అరుదైన క్యాన్సర్ కణితి. పాత వాపు చాటున నక్కితే దాన్ని పట్టుకోవడం ఇంకా కష్టం.

"నేనైతే వదిలేసేవాణ్ణి" అన్నాడు కుర్ర డాక్టరు, అందరి ముందూ. కత్తక్కకు అతని మీద గౌరవం కలిగింది ఆ రోజే.

స్కానింగులో పేగు పక్కనున్న రెండు లింఫు గ్రంథులు కూడా ఉబ్బినట్టు కనిపించాయి. మళ్లీ ఆపరేషన్ చేసి వాటినీ తీసేశారు. నాలుగు నెలలకు డ్రైవరు భార్యతో కలిసి మెట్లు దిగి ల్యాబుకు వచ్చాడు.

"కడుపునొప్పి అన్నప్పుడల్లా, పాత నొప్పేగా అని కసిరేదాన్నమ్మా" అని ఆవిడ ఏడ్చింది.

"చదువుకున్న డాక్టరే మచ్చ అనుకున్నాడు తల్లీ, నీకెలా తెలుస్తుంది?" అంది కత్తక్క. పక్కనే ఉన్న కుర్ర డాక్టరు తల గోక్కున్నాడు.

డ్రైవరు ఆ పలక చూస్తానన్నాడు. ఆమె సూక్ష్మదర్శిని సరిచేసి కుర్చీ జరిపింది. గులాబీ, ఊదా రంగుల్లో చుక్కలు చుక్కలుగా ఉన్నదాన్ని అతను చాలాసేపు చూశాడు.

"ఇంత ముద్దుగా ఉందేంటమ్మా, దరిద్రం!"

కత్తక్క పకపకా నవ్వింది. ఆ ల్యాబులో ఆమె అంత గట్టిగా నవ్వడం అంతకుముందు ఎవరూ వినలేదట. డ్రైవరు ఇప్పుడు ఆరు నెలలకోసారి పరీక్షలు చేయించుకుంటున్నాడు. మొన్నటి స్కానింగులో ఏమీ కనబడలేదు. మళ్లీ డ్యూటీకి బస్సెక్కాడు.