కదలని చాయ్

అబిడ్స్‌లో ఒక బట్టల షోరూమ్ బేస్‌మెంట్‌లో రిపోర్టు చేసిన రోజు బయట వాన. లోపల ఉక్క, డీజిల్ వాసన. ఫౌజులో మెకానిక్ హవల్దారుగా రిటైరయ్యాక నాకు దొరికిన పోస్టింగ్ అది. కొండా లేదు, మంచూ లేదు. తలకు తగిలే పైకప్పు, వాకీటాకీ, టార్చి, ఒక పొడుగు స్క్రూడ్రైవరు. నిఘా పెట్టాల్సింది శత్రువు మీద కాదు, పై అంతస్తులకు గాలి పంపే పెద్ద బ్లోయర్ మీద.

తోడు ఆపరేటరు. మెదక్ మనిషి, ఆదివారాలు చర్చిలో డోలక్ వాయించేవాడు. పని లేకపోతే బ్లోయర్ డబ్బా మీదే వేళ్లతో దరువేసేవాడు.

దసరాకి మెషీన్‌ని ముస్తాబు చేసింది ఆయనే. పసుపు, బొట్లు, నిమ్మకాయలు.

"నాది చర్చి అయితేంది సాబ్? మెషీన్‌కు దసరా దసరానే!" అన్నాడు.

బ్లోయర్ డబ్బా తలుపు తెరిచి, లోపల గాలి తోసే చక్రానికి ఒక్కో రెక్క మట్టి గీకి, ఎర్ర రంగు కూడా వేస్తున్నాడు. సగం అయిందో లేదో, వాకీటాకీలో మేనేజరు అరిచాడు. "ఇగ జాలు, స్టార్ట్ చేయుండ్రి! గిరాకీ చెమటలు కక్కుతున్నది."

మర్నాటి నుంచి మెషీన్ ఊగడం మొదలైంది. మేనేజరు గది సరిగ్గా మా నెత్తిమీద.

"ఏందయ్యా గిది? నా టేబుల్ మీద చాయ్ ఊగుతున్నది!"

కరెంటు తీసేశాను. ఊగుడు తక్షణం ఆగితే జబ్బు మోటారు కరెంటులో ఉన్నట్టు. ఆగలేదు. చక్రం నెమ్మదించే కొద్దీ ఊగుడూ నెమ్మదించింది. అంటే చక్రంలో బరువు ఒక పక్కకుంది. టార్చి వేసి చూశాను. సగం రెక్కలు ఎర్రగా మెరుస్తున్నాయి, సగం రెక్కల మీద మట్టి గడ్డకట్టి ఉంది. పైకి వెళ్లి మేనేజరుకు చెప్పాను.

"ఒక్క పూట ఆపండి సార్, మిగతా సగం గీకేస్తాం. లేకపోతే బేరింగ్ పోతుంది. అది పోతే పక్కనున్నవాడి చెయ్యి పోతుంది."

"దీపావళి సేల్ అయ్యేదాక ఆపేది లేదు. మెషీన్ కింద రబ్బర్ పెట్టు, అయిపోతది."

"పెట్టను సార్. రబ్బరు మీ టేబుల్‌ని కాపాడుతుంది, మెషీన్‌ని కాదు."

ఆదివారం నా సెలవు. నేను ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే, మేనేజరు బయటివాళ్లతో రబ్బరు పెట్టించాడు. దానికోసం ఒక పూట మెషీన్ ఆపారట! మట్టి గీకడానికి దొరకని పూట. వింటే ఒళ్లు మండిపోయింది.

పైన టేబుల్ కుదుటపడింది. కింద మెషీన్ మరింత ఊగింది. స్క్రూడ్రైవర్ కొన బేరింగ్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి విన్నాను. లోపల కంకర నమిలినట్టుంది. వెళ్లి మళ్లీ చెప్పాను.

"చాయ్ కదులుతలేదు గదా! ఇంకేం ఫికర్?" అన్నాడు.

సేల్ మధ్యలో ఒక మధ్యాహ్నం బేరింగ్ కీచుమంది. వాకీటాకీలో ఆర్డరు వచ్చింది. "బంద్ చేయకుండ్రి. నడుస్తుండంగనే గ్రీజు కొట్టుండ్రి."

నేను మెయిన్ స్విచ్ వైపు పరుగెత్తాను. ఆపరేటరు అప్పటికే వంగాడు. బేరింగ్ పగిలింది. చక్రం డబ్బాని చీల్చుకొచ్చింది. స్విచ్ తీసి వెనక్కి తిరిగేసరికి ఆయన తన కుడిచెయ్యి చూసుకుంటున్నాడు. వేళ్లు లేవు.

"సాబ్, జర పట్టుకో" అన్నాడు.

నా చొక్కా విప్పి చేతికి గట్టిగా చుట్టి, బండి కోసం పైకి పరుగెత్తాను. మేనేజరు ముందు నిండు గ్లాసు. చాయ్ మీద మీగడ చెక్కుచెదరలేదు.

"బ్లోయర్ ఎందుకు బంద్ జేసిన్రు?" అని అడిగాడు నన్ను.

తర్వాత విచారణ అన్నారు. పూజ పేరుతో రెక్కలకు రంగు వేసిన ఆపరేటరుదే తప్పని తేల్చారు. థూ! ఏం బతుకులురా నాయనా! వాకీటాకీ మేనేజరు టేబుల్ మీద పడేసి, సంచి భుజాన వేసుకుని నాంపల్లి స్టేషన్ దాకా నడిచి ఇంటి రైలెక్కాను. ఫౌజులో ఎదుటివాడు శత్రువని ముందే చెప్పి పంపుతారు.

క్రిస్మస్‌కి ఆపరేటరు తన చర్చికి పిలిస్తే వెళ్లాను. డోలక్ ఎడమ పక్క మాత్రమే మోగింది.

ఇప్పటికీ ఏ హోటల్లో ఎవరు చాయ్ తెచ్చి పెట్టినా, ముందు టేబుల్‌ని వేలితో తడతాను. చాయ్ కదిలితేనే తాగుతాను.